మూడో గాదె తాళం కప్ప

“స్విచ్చు పెట్టె మీద తాళం కప్ప లేదమ్మా. ఉంటే నేనెందుకు నొక్కుతాను?”

చోలా ఈ మాట ఎన్నోసారి అంటున్నాడో లెక్కపెట్టడం, ప్రాంతీయ పోలీసు కార్యాలయం నుంచి వచ్చిన తోకో జెరె ఎప్పుడో మానేసింది. ఎన్‌డోలా స్టేషను లాకప్పులో గోడకు చేరగిలబడి కూర్చున్నాడతను. రెండు రోజులుగా నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. లోంబె మొక్కజొన్న మిల్లులో మరలు వేసి ఆపే మనిషి. మొన్న సాయంత్రం అతను మీట నొక్కాడు. మూడో గాదె అడుగున గింజను లాగే పెద్ద ఇనుప స్క్రూ తిరిగింది. గాదె లోపల అట్టకట్టిన గింజను గునపంతో పొడుస్తున్న కటోంగో, కాళ్ళకింద నేల జారిపోయి, ఊబిలో దిగబడినట్టు దిగబడిపోయాడు. రేకు కోసి బయటికి లాగేసరికి నోట్లో, ముక్కులో, చెవుల్లో గింజలే.

“పనిలోకి ఎక్కినప్పుడు కప్ప చూశావా?” అని అడిగింది తోకో.

“చూశానమ్మా. వేలాడుతోంది. లోపల మనిషున్నాడు గదా అని నేను ఒకటీ రెండూ మరలు వేసుకున్నాను. టీ తాగొచ్చేసరికి కప్ప లేదు. పైకొచ్చేశాడు కాబోలు అనుకున్నా. బయట లారీలవాళ్ళు హారన్లు కొట్టి చంపుతున్నారు. నొక్కాను.”

“కేకెయ్యలేదా?”

“వేశాను. రెండు మరలు తిరుగుతుంటే ఎవడికి వినపడుద్ది?”

ఆ మిల్లులో పద్ధతి ఒకటుంది. గాదెలోకి దిగేవాడు ముందు స్విచ్చు పెట్టె గొళ్ళేనికి తన సొంత తాళం కప్ప వెయ్యాలి. తాళంచెవి మెడలో వేసుకుని దిగాలి. పైకొచ్చాక తన చేత్తో తానే తియ్యాలి. అంతదాకా ఆ మీట జోలికి ఎవరూ పోలేరు. కటోంగో శవం మెడలో తాళంచెవి ఉంది. కప్ప మాత్రం గోడ మేకుకి, అతని పేరు కింద, చక్కగా నొక్కి పెట్టి ఉంది. ఎవరూ కోయలేదు, విరగ్గొట్టలేదు. కనుక కటోంగో అసలు కప్ప వెయ్యనేలేదు, చోలా అబద్ధమాడుతున్నాడు అని తేల్చేశాడు స్థానిక ఇన్‌స్పెక్టరు సితాలి. తోకోకి కూడా ఆ లెక్క తప్పని చెప్పే దారి ఇంకా దొరకలేదు. దొరకనందుకు ఆమెకి ఒళ్ళు మండుతోంది.

“ఆదివారం సారా కొట్టు దగ్గర ఇద్దరూ కొట్టుకున్నారట?”

“కొట్టుకున్నాం. నా మేక వాడి కూర మడి మేసింది. వాడు నా చొక్కా చింపాడు, నేను వాడి మూతి పగలగొట్టాను. మర్నాడు ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.” చోలా అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “వాడి కూతురికి కసూబా అని పేరు పెట్టింది మా అమ్మ. మేక కోసం మనిషిని చంపుతానా తల్లీ? మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తాడట సితాలి సారు. హత్య అని రాశాడట. ఒకసారి లోపలికి పోతే నా బోటి వాడు మళ్ళీ బయటికొస్తాడా?”

రాడని తోకోకి తెలుసు. వకీలుని పెట్టుకునే తాహతు లేని మనిషి, పైగా నొక్కిన చెయ్యి అతనిదే. “రెండింటికి ఇంకా టైముంది,” అని లేచింది. ధైర్యం చెప్పడం కోసం అన్న మాటే గాని, ఆమెకే ధైర్యం లేదు.

మిల్లు గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ సితాలి స్వయంగా, తన పొడుగాటి చేతుల్తో, మూడో గాదె స్విచ్చు పెట్టె మీది పోలీసు సీలు పీకుతున్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, పిండి దుమ్ములో కూడా మెరిసే బూట్లు. పడమటి లోజీ తెగ దొరలకు శుభ్రం ఎక్కువ, ఓర్పు తక్కువ అని తోకో నమ్మకం.

“ఆ చెయ్యి అక్కడే ఆపండి,” అంది.

“ఓ, ప్రాంతీయ కార్యాలయం వారు దయచేశారా?” అన్నాడు సితాలి తిరక్కుండానే. “ఆలస్యమైంది మేడమ్. హంతకుడు దొరికాడు, కేసు రాశాను. ఈ మిల్లు మూసి ఉంచే అధికారం ఇక నాకూ లేదు, మీకూ లేదు.”

“అధికారం సంగతి తర్వాత. ముందు ఇటు చూడండి.”

పెట్టె నిండా వేలి మందాన పిండి పేరుకుని ఉంది. మిల్లులో గాలికి బదులు పిండే తిరుగుతుంది. ఏ వస్తువైనా ఒక పూట కదలకుండా ఉంటే తెల్లబడుతుంది. ఆ తెలుపు మధ్యలో, సరిగ్గా గొళ్ళెం కింద, అరచేతిలో సగం ఉండే మరక ఒకటి నల్లగా, శుభ్రంగా ఉంది. దాని మీద మాత్రం పిండి పలచగా, ఉండీ లేనట్టుగా ఉంది. తోకో సంచిలోంచి కటోంగో కప్ప తీసి ఆ మరక మీద ఆనించింది. వేలికి ఉంగరంలా అతికింది.

“మొన్న పొద్దంతా పిండి పడుతున్నప్పుడు ఇక్కడొక కప్ప వేలాడుతోంది. అందుకే దాని వెనక పిండి పడలేదు. చీకటి పడేముందు ఎవరో తీశారు. ఆ తర్వాత మిల్లు ఆగిపోయింది గనక మరక మిగిలిపోయింది. చోలా నిజం చెప్తున్నాడు సితాలీ గారూ.”

సితాలి వంగి చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు.

“అది ఏనాటి మరకో. సరే, మీ మాటే నిజమనుకుందాం. ఎవరో తీశారన్నారు. ఎలా తీశారు? కప్ప మీద గీత కూడా లేదు. ఉన్న ఒక్క తాళంచెవీ గాదె లోపల, గింజల కింద, శవం మెడలో ఉంది. దయ్యం వచ్చి తీసిందా? మీ తూర్పు వైపు మంత్రగాళ్ళు గట్టివాళ్ళంటారు. వాళ్ళలో ఎవరినన్నా అరెస్టు చేద్దామంటారా?”

మేస్త్రీ ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తోకోకి చెంప మీద కొట్టినట్టయింది. పిండి మరక చోలాని అబద్ధీకుణ్ణి కాకుండా చేసింది గాని, నిర్దోషిని చెయ్యలేదు.

“మంత్రగాణ్ణే వెతుకుతాను,” అంది. “మీరు రెండింటిదాకా ఆగండి.”

“రెండింటికి ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఆగను. మిల్లు మాత్రం ఇప్పుడే తెరుస్తున్నాను.” సీలు ముక్కలు ఉండలా చుట్టి, చెత్తబుట్ట కనబడక, జేబులో పెట్టుకున్నాడు. “నా సంతకంతో.”

యజమాని బెన్సన్ లోంబె తన గదిలో ఫోను మీద ఫోను మాట్లాడుతున్నాడు. భారీ మనిషి, మంచి నవ్వు. చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. పనివాళ్ళ పిల్లలకి పుస్తకాలు కొనిస్తాడు, ఎవరింట్లో చావొచ్చినా పిండి బస్తాలు పంపిస్తాడు. తోకోకి అదే చిరాకు. చెడ్డవాడైతే పని తేలికయ్యేది. ఆయన వెనక అద్దాల బీరువాలో నడుముకి కట్టుకునే తాళ్ళ పట్టీలు, ముక్కుకి కట్టుకునే తొడుగులు ప్లాస్టిక్కు చింపకుండా వరసగా పేర్చి ఉన్నాయి. పెళ్ళివారికి చూపించడానికి పెట్టిన వెండి సామానులా ఉన్నాయి.

“ఇవి ఎవరు వాడతారు?” అంది తోకో.

“తనిఖీవాళ్ళు అడుగుతారమ్మా, ఉన్నాయా లేవా అని. ఉన్నాయి గదా.”

“కటోంగో నడుముకి ఇందులో ఒక్క తాడున్నా, పైన ఒక్క మనిషి నిలబడి ఆ తాడు పట్టుకున్నా, వాడు బతికేవాడు.”

“ఒక్కో గాదె దగ్గరా ఒక్కో మనిషిని తాడు పట్టుకుని ఊరికే నిలబెడితే, పిండి ఎవరు మూట కడతారు? దేశం న్షిమా సంకటి తినేదెలా? బయట లారీలు చూశావా? రెండు రోజులుగా నిలబడిపోయాయి.”

“ఎందుకు నిలబడ్డాయంటారు?”

లోంబె ఫోను బల్ల మీద పెట్టాడు.

“ఒక మనిషి పోబట్టి నిలబడ్డాయి,” అంది తోకో. “ఆ సాయంత్రం మరొక్క పావుగంట ఆగి ఉంటే, ఒక మనిషి పైకెక్కి గాదెలోకి తొంగి చూసి ఉంటే, ఈ లారీలన్నీ ఆ రాత్రే వెళ్ళిపోయేవి. పావుగంట మిగుల్చుకోవాలని రెండు రోజులు పోగొట్టుకున్నారు. మనిషి సంగతి అటుంచండి, వ్యాపారం లెక్కలోనైనా ఇది గిట్టుబాటేనా?”

“నన్నంటావేం? నొక్కినవాడు లాకప్పులో ఉన్నాడు.”

“ఈ తాళం కప్పలు ఎవరు కొన్నారు?”

“నేనే. తలకొకటి ఇచ్చాను. ఒక్కో కప్పకి రెండు చెవులొస్తే, రెండోది వాళ్ళ కళ్ళముందే కఫూబు నదిలో పారేశాను. అందరూ చప్పట్లు కొట్టారు కూడా. ఆనాటి నుంచి ఈనాటి వరకు నేను ఆ కప్పల్లో ఒకదాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. అది వాళ్ళ వ్యవహారం. ఒకడి కప్ప మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడం ఇక్కడ తల్లిని తిట్టినంత తప్పు.”

ఆయన కళ్ళలోకి చూసే చెప్పాడు. తోకో ఆ మాటలు ఉన్నవున్నట్టు మనసులో పెట్టుకుంది.

“ఇవాళ మూడో గాదె ముట్టుకోకండి,” అంది లేస్తూ.

“ముట్టుకోకపోతే ఎలా? లోపల మిగిలిన గింజ గీకి పారబొయ్యాలి. మనిషి పోయిన గింజ ఎవరు తింటారు? ఒకణ్ణి దింపుతున్నాం.”

“ఎవర్ని?”

“మేస్త్రీ చూసుకుంటాడు. నాకు పేర్లెందుకు?” మళ్ళీ ఫోను మోగింది. “సగంమంది చావింటికి పోయారు. నేనూ పోవాలి. ఉన్నవాళ్ళతోనే పని లాగించాలి.”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి కథ తోకోకి గుర్తొచ్చింది. కాని లోంబె మొహంలో ఆ మోటుతనం లేదు. నిజంగా తొందర ఉంది, అంతే. మనిషి ప్రతి గంటా గడియారం వెనక పరిగెడుతూ బతుకుతాడు కాబోలు.

కటోంగో ఇంటిముందు టార్పాలిను కింద మగవాళ్ళు కూర్చున్నారు. లోపల ఆడవాళ్ళు నేలమీద పరుపుల్లో, మధ్యలో కసూబా తల్లి తల వంచుకుని ఉంది. పోయినవాడి భార్య ఆవిడే. రేపు పొద్దున ఖననం. తోకో గేటు దాటగానే, పోలీసు టోపీ తీసి చంకలో పెట్టుకుని, గుండెలు బాదుకుంటూ శోకం అందుకుంది:

“అయ్యో, ఎంత మంచి కోతిని పోగొట్టుకున్నారర్రా! ఇక ఈ బెంబాల చెట్ల మీద ఎగిరేవాడేడీ!”

ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. తోకో న్గోని మనిషి, పోయినవాడు బెంబా. తాతల కాలంలో ఈ రెండు తెగలూ ఒకరి తలలు ఒకరు నరుక్కున్నారు. విసుగుపుట్టి, ఆ తర్వాత బావామరదళ్ళ వరస కలుపుకున్నారు. బెంబాల చావింట్లో న్గోని మనిషి ఏమన్నా చెల్లుతుంది. శవాన్ని ఎగతాళి చెయ్యచ్చు, కుండ ఎత్తుకుపోవచ్చు, గోతిలో పడుకుని జరిమానా ఇస్తేగాని లేవనని మొండికెయ్యచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. దుఃఖం మరీ గడ్డకట్టుకుపోకుండా చూసే పని ఆ వరసవాళ్ళది.

“వచ్చిందమ్మా ఎలుకలు తినే మహాతల్లి!” అని, న్గోనిల తిండిని వెక్కిరిస్తూ, పొయ్యి దగ్గర నుంచి అరిచింది చిషా తల్లి. న్షిమా కుండ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ బలమైన మనిషి, భర్త కూడా మిల్లు కూలీయే. “దాచుకోండర్రా, ఇంట్లో ఎలుకలుంటే దాచుకోండి! ఒక్కటి మిగల్చదు!”

“మీ ఇంట్లో ఎలుకలు కూడా ఆకలికి చచ్చాయే వదినా. నీ వంట తినలేక!”

మళ్ళీ నవ్వులు. కసూబా తల్లి కూడా తలెత్తి చూసింది. తోకో చూపు తిప్పుకుంది. సరసానికి వచ్చినట్టు వచ్చింది గాని ఆమె వచ్చింది వల పన్నడానికి. పోయినవాడి పట్ల తప్పా, కాదా? తప్పే కావచ్చు. కాని లాకప్పులో బతికున్నవాడొకడు రెండింటి కోసం ఎదురుచూస్తున్నాడు. పోయినవాడు క్షమిస్తాడులే అనుకుంది.

ఆమె ఆలోచన చాలా మామూలుది. కప్పకి రెండో చెవి ఎక్కడో ఉంది. అది ఉన్నవాణ్ణి బెదిరించి అడిగితే దాస్తాడు. నవ్వుల మధ్యలో, పంతం మీద, చెయ్యి మెదడు కంటే ముందు కదులుతుంది. అప్పుడు మనిషి తెలియకుండా తనను తాను బయటపెట్టుకుంటాడు. ఇక్కడ కూర్చున్న మిల్లు మనుషుల్లో ఎవరో ఒకడు అలా కదలకపోతాడా అని ఆమె ఆశ.

లోంబె పికప్పు వచ్చి ఆగింది. వెనక పది పిండి బస్తాలు, నూనె డబ్బాలు. ఆయన దిగి, టోపీ తీసి, కసూబా తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెప్పాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు. తోకో ఈలోగా పికప్పు వెనక తలుపుకున్న గొలుసు చుట్టి, కటోంగో కప్ప వేసి, టకీమని నొక్కింది. తాళంచెవి దారం వేలికి తిప్పుతూ బస్తాలెక్కి కూర్చుంది.

“వినండర్రా బెంబాల్లారా! ఈ పిండి ఇక న్గోనిల సొత్తు. మీరు మా తాతల్ని తరిమిన నాటి బాకీ ఇది. జరిమానా కట్టేదాకా ఒక్క బస్తా దిగదు!”

“దిగవే తల్లీ, నా పొయ్యి ఆరిపోతోంది!” అంది చిషా తల్లి.

“ఎంత కావాలే మరదలా?” అని ఎవడో ముసలాయన అడిగాడు.

“ఎంతేమిటి? మీ పెద్ద కోతిని పిలిపించండి. నాకు నాట్యం చేసి చూపించాలి!”

లోంబె కూడా బెంబాయే. జనం ఆయన వైపు చూసి పకపకా నవ్వారు. ఆయన నవ్వాడు గాని చూపు చేతి గడియారం మీదికి పోయింది. “సరే సరే, మరదలు పిల్లా. సరసం చాలు. లారీలు నిలబడి ఉన్నాయి, నేను పోవాలి.”

“లారీలు మనుషులకంటే ముందా బావా? నాట్యం!”

“నాట్యమేమిటి?” లోంబె పికప్పు దగ్గరికొచ్చి కప్ప చూశాడు. మొహం విప్పారింది. “ఓసి పిచ్చి మొహమా! మా మిల్లు కప్ప తెచ్చి మా బండికే వేస్తావా? వీటిని కొన్నది ఎవరనుకున్నావే?” జేబులోంచి బండి తాళాల గుత్తి తీశాడు. అందులోంచి చిన్న ఇత్తడి చెవి ఒకటి, చూడకుండానే, వేళ్ళతోనే ఏరి, కప్పలో పెట్టి తిప్పాడు. కప్ప తెరుచుకుంది. గొలుసు జలజలా జారిపోయింది.

“బెంబాలు గెలిచారు!” అని అరిచారు కుర్రకారు. ఈలలు, చప్పట్లు. చిషా తల్లి గరిటె ఎత్తి చిందేసింది.

తోకో నవ్వలేదు. బస్తాల మీది నుంచి దిగి, తన వేలికున్న తాళంచెవి పైకెత్తింది.

“బావా, ఈ కప్ప కటోంగోది. కింద పేరు గీసి ఉంది చూడు. దాని తాళంచెవి ఇదిగో, నా దగ్గరుంది. శవాగారంలో వాడి మెడలోంచి తీశాను. మరి నీ చేతిలోది ఎవరిది?”

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. లోంబె తన చేతిలోని చెవి వైపు అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

టార్పాలిను కింద నుంచి ముసలి కూలీ ఒకడు లేచాడు. మాట్లాడకుండా తన మెడలోని తాళంచెవి తీసి, ఆ కప్ప నొక్కి మూసి, తన చెవితో తిప్పాడు. తెరుచుకుంది. అతని వెనకవాడు తిప్పాడు. తెరుచుకుంది. మూడోవాడి తాళంచెవి జారి కింద పడింది, వంగి తీసి మళ్ళీ తిప్పాడు. ఇన్నేళ్ళూ ఒక్కొక్కడూ ప్రాణం మెడలో కట్టుకున్నాననుకుని దిగాడు. ఒకడి కప్ప ఇంకొకడు ముట్టని మర్యాద వల్ల ఈ సంగతి ఒక్కడికీ తెలియలేదు.

“అన్నిటికీ ఒకటే చెవి,” అంది తోకో.

“ఒకే పెట్టెలో వచ్చాయి.” లోంబె గొంతు తగ్గింది. “అలాంటివి చవక. పైగా ఎవడన్నా చెవి పారేసుకుని ఇంటికి పోతే పని ఆగకూడదు గదా అని... ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఇందులో తప్పేముంది?”

“కప్పలు ముట్టుకున్న పాపాన పోలేదన్నావు పొద్దున.”

దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన మొహం.

“మొన్న సాయంత్రం తీసింది నువ్వేనా?”

“పిలిచానమ్మా!” ఒక్కసారిగా అరిచాడు లోంబె. “గాదె కింద నిలబడి కటోంగో అని పిలిచాను. పలకలేదు. పైకొచ్చి, కప్ప తియ్యడం మర్చిపోయి ఇంటికి పోయుంటాడు అనుకున్నాను. మర్చిపోతుంటారు! లారీలవాళ్ళు గోల. తీసి మేకుకి తగిలించాను. నేను నొక్కలేదు. నొక్కమని చెప్పలేదు కూడా. కావాలని చేశానా? వాడి పెళ్ళికి నేనే గదా పెద్దని!”

కసూబా తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు.

“మరి చోలాని లాకప్పులో పెడుతుంటే నోరు మూసుకుని ఎందుకున్నావు?” అంది తోకో. కోపం ఆమెకి గొంతులోకి వచ్చింది. దాచుకోలేదు.

“భయమేసింది. ఎలాగూ వకీలుని పెడదామనుకున్నాను వాడికి. నిజం.” చేతులు జోడించాడు. “అదేమీ పెద్ద నేరమనుకోలేదమ్మా. కొత్తగా చేసిందా? లారీలు నిలబడితే రోజూ తీసేదే. ఎన్నిసార్లు తీశానో! ఎప్పుడూ ఎవడికీ ఏమీ కాలేదు.”

తోకో రెండు రోజులుగా పగ ఉన్నవాణ్ణి వెతికింది. మేక, కూర మడి, సారా కొట్టు, అన్నీ తవ్వింది. ఇక్కడ పగ లేదు. అలవాటు ఉంది. పగైతే ఒకణ్ణి చంపి చల్లారేది. ఇది చల్లారేది కాదు. ఆ ఆలోచన వచ్చీ రాగానే ఆమె లోంబె చెయ్యి పట్టుకుంది.

“రోజూ అన్నావు. ఇవాళ?”

లోంబె తాళాల గుత్తిని గుప్పిట్లో మూశాడు.

“ఇవాళ తీశావా బావా?”

“వచ్చేముందు... మూడో గాదె పెట్టెకి కప్ప ఉంది. పిలిచాను. భోజనానికి పోయాడేమో అనుకున్నాను. నాకు ఇక్కడికి రావడానికి టైమవుతోంది...”

తోకో అప్పటికే ఫోను తీసింది. సితాలి నంబరు. మోగింది, మోగింది. చివరికి ఎత్తాడు. అతని మాట కంటే ముందు ఒక హోరు వినబడింది.

“సితాలీ గారూ, మూడో గాదె మర వెయ్యనివ్వకండి!”

“గట్టిగా చెప్పండి మేడమ్, ఇక్కడ మర చప్పుడు.”

“మూడోదేనా? ఎవరు వేయించారు?”

“నేనే. మేస్త్రీ వచ్చి, సీలు తీశారు గదా, పెట్టెకి కప్ప కూడా లేదు, దిగినవాడు పైకొచ్చేసినట్టే, వెయ్యమంటారా అని అడిగాడు. స్వయంగా వెళ్ళి పెట్టె చూశాను. గొళ్ళెం ఖాళీగా ఉంది, వెయ్యమన్నాను. మీకేమిటి అభ్యంతరం?”

“ఆపండి! ముందు ఆపండి!”

ఆమె గొంతులో ఏం విన్నాడో సితాలి ఎదురుచెప్పలేదు. పరుగు చప్పుడు. హోరు సన్నబడి, మూలిగి, ఆగిపోయింది. ఆ తర్వాత దబదబమని మోత. అతను గాదె రేకు మీద పిడికిలితో బాదుతున్నాడని తోకోకి అర్థమైంది. ఆగి వింటున్నాడు. మళ్ళీ బాదుతున్నాడు.

“మేడమ్,” అన్నాడు. ఇస్త్రీ మడతలన్నీ ఆ గొంతులోంచి పోయాయి. “లోపల ఎవరున్నారు?”

తోకో ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లోంబె వైపు తిరిగింది. “ఎవర్ని దింపారు?”

“మేస్త్రీ...” ఆయన పెదవులు కదిలాయి. పేరు రాలేదు.

టార్పాలిను కింద మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు, వచ్చినవాళ్ళెవరో, రానివాళ్ళెవరో వెతుక్కుంటున్నారు. కొందరు అప్పటికే గేటు వైపు పరుగు తీశారు. చిషా తల్లి గరిటె కుండలోనే వదిలేసి, చేతులు నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ, వాళ్ళ మధ్యలోంచి ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చింది. చివరిదాకా చూసి తోకో ముందు నిలబడింది.

“మా ఆయన అన్నం టైముకి వచ్చేస్తానన్నాడే,” అంది. “ఇంకా రాలేదేం?”